సమాధుల దొడ్డిలో కంకర

సత్యప్రకాష్ మాస్టారిని పూడ్చిన మర్నాడు పొద్దున్న, సమాధి మీది మట్టికుప్ప సువర్ణమ్మ మోకాటికి జానెడు కింద ఉంది.

అలా ఉండకూడదు. గోతిలోంచి తీసిన మట్టంతా తిరిగి గోతిలో పట్టదు. పెట్టె ఎంత చోటు తీసుకుంటే అంత మట్టి పైన మిగులుతుంది. పెద్దవాళ్లను పూడిస్తే ఆ మిగులు ఆమె మోకాటి దాకా లేస్తుంది. వానలకు నెలా రెండు నెలల్లో అణుగుతుంది గానీ ఒక్క రాత్రిలో అణగదు. పదహారేళ్లు భర్త మార్కుకు సాయంగా, ఆరేళ్లు ఒంటరిగా గోతులు తవ్విన మనిషి ఆమె. మట్టి ఎవరో ఎత్తుకుపోయారు. ఎందుకో కూడా ఆమెకు తెలుసు.

నర్సీపట్నం నుంచి ఏజెన్సీ వైపు షేర్ ఆటోలో ముప్పావుగంట వెళితే ఈతపాలెం వస్తుంది. 1992 దాకా ఆ ఊళ్లో జీడితోటలు, మిషన్ బడి, రేకుల చర్చి తప్ప చెప్పుకోడానికి ఏమీ లేదు. ఆ ఏడు కొండ మీద పశువులు కాసుకునే సింగన్నకు పిల్లి కన్నులా మెరిసే రాయి దొరికింది. వైడూర్యం అన్నారు. ఏడాది తిరిగేసరికి నర్సీపట్నం లాడ్జీల్లో హిందీ మాట్లాడే వ్యాపారులు దిగారు, కొండంతా గోతులైంది. పైన ఎర్రమట్టి, ఐదడుగుల కింద గులకరాళ్ల పొర. దాన్నే ఊళ్లో కంకర అంటారు. రంగురాయి ఉంటే అందులోనే ఉండాలి. ఆ కంకరను తట్టలకెత్తి, గెడ్డకు మోసి, పారే నీళ్లలో జల్లెడ పట్టి వెతుక్కోవాలి. మూడు టీకొట్లు పద్దెనిమిది అయ్యాయి. ఇద్దరు మేడలు కట్టారు. గోతులు కూలి తొమ్మిది మంది పోయారు. 1997లో పోయిన మార్కు వాళ్లలో ఒకడు. ఊళ్లో మగవాళ్లంతా కొండ మీదే ఉండేవాళ్లు, సమాధి తవ్వే కూలికి ఎవరూ దిగేవాళ్లు కారు. సువర్ణమ్మే గునపం పట్టి భర్తకు గొయ్యి తవ్వింది. ఆ తర్వాత చర్చి సంఘం ఆ పనిని ఆమెకే ఉంచేసింది.

2003 వచ్చేసరికి కొండ మీద అటవీశాఖ వాళ్ల తిరుగుడు ఎక్కువైంది. తవ్వేవాళ్ల చూపు కిందికి దిగింది. సమాధుల దొడ్డి ఉన్నది ఆ కొండ వాలులోనే, కంకర పొర దాని కిందికీ వచ్చింది. ఇన్నాళ్లూ గొయ్యి తవ్వమంటే మొహం చాటేసినవాళ్లు, ఇప్పుడు ఎవరికైనా జబ్బు ముదిరిందంటే చాలు, గునపాలు పట్టుకుని తయారు. సేవ అంటున్నారు. మాస్టారి గొయ్యి అలాగే నలుగురొచ్చి తవ్వారు. వాళ్లను పంపింది సంఘపెద్ద సాల్మన్‌రాజు, మార్కుకు పెదనాన్న కొడుకు.

సువర్ణమ్మ నేరుగా గెడ్డకు వెళ్లింది. గట్టు మీద ఎర్రటి కంకర కుప్ప, అందులో తెల్లటి పెచ్చులు. ఈస్టరుకు ముందు ఏటా సమాధులకు వేసే సున్నం అది. ఇద్దరు జల్లెడ పడుతుంటే సాల్మన్‌రాజు గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

“ఏటమ్మా, ఇటొచ్చేవు?”

“మాస్టారి మట్టి కోసం బావగారూ.”

“ఇది కొండ మీద కంకర.”

“కొండకి సున్నం ఎవులేసేరు?”

జల్లెడ పట్టినవాడికి నవ్వు ఆగలేదు. సాల్మన్‌రాజు వాడి వైపు ఓ చూపు చూశాడు.

“ఒక్క మంచి రాయి తగిల్తే మన రేకుల గుడికి స్లాబు పడిపోద్ది. నా ఇంటికి పట్టుకెళ్లిపోతన్నానేటి?”

“స్లాబు సంగతి పాస్టరు అయ్యగారితో సెప్పుకోండి. ముందు మట్టి ఎత్తించండి. ఆరు తట్టలు.”

“కడిగేసిందీ మొయ్యాలేటి?”

“కడిగిందే బాగుంటాది. మాస్టారికి శుభ్రం ఇష్టం.”

ఆరు తట్టలూ వెనక్కి వచ్చాయి. కానీ సాల్మన్‌రాజు అక్కడితో వదల్లేదు. “దొడ్డిలో ఉత్తరం పక్క ఖాళీగా పడుంది. ఆదివారం సంఘంలో పెడతాను. అందరూ తవ్వమంటే నువ్వేటి సేత్తావు?”

“అందరూ తవ్వమంటే తవ్వుకోండి. నాను అడ్డు రాను.”

అన్నదే గానీ ఆ వారమంతా ఆమె రోజూ దొడ్డి చుట్టూ తిరిగి చూసి వచ్చింది. ఒకసారి గునపం దిగితే ఉత్తరం పక్కతో ఆగదని కొండను చూసినవాళ్లందరికీ తెలుసు.

ఆదివారం ఆరాధన అయ్యాక సాల్మన్‌రాజు పావుగంట మాట్లాడాడు. రేకులు కారుతున్నాయని, ఒక్క సమాధిని కూడా ముట్టుకోబోమని, ఆ రాళ్లను దేవుడే భూమిలో దాచిపెట్టాడని. బెంచీల మీది మగవాళ్లు చాలామంది తలలూపారు. పాస్టరు అయ్యగారు ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగితే సువర్ణమ్మ లేచింది.

“ఉత్తరం పక్క ఖాళీ కాదండి. సమాధి కట్టించుకోలేనోళ్ల సోటది. మా అత్త నాకు వరస సూపించింది. కంచె కాడ మొదటిది గాబ్రియేలు తాతగారు, కలరా యేడు పోయేరు. పక్కన ఆయన కోడలు. రెండడుగులొదిలి సోఫియా కవలలు, మూడో రోజున పోయేరు. ఆ పక్కన బావగారి సెల్లెలు, తట్టు పోసి.”

“మా సెల్లెలు గట్టు పక్కనుంది కదా?” అన్నాడు సాల్మన్‌రాజు.

“గట్టు పక్కనుంది మీ మేనత్తండి.”

ఆమె ఆగకుండా ముప్పై ఒక్క పేర్లు చెప్పింది. “ఎవుల మీంచి మొదలెడతారో, ఆళ్లింటికెళ్లి సెప్పి మొదలెట్టండి,” అని కూర్చుంది.

అయ్యగారు చేతులెత్తమన్నారు. చాపల మీద కూర్చున్న ఆడవాళ్లలోంచి సోఫియా అడిగింది: “మా సేతులు లెక్కెడతారా అయ్యగారూ, ఒగ్గేత్తారా?”

“ఎప్పుడూ మగవాళ్లవే కదమ్మా...”

“ఆ పిల్లల్ని మోసింది మేం కదండీ.”

“ఆడోళ్లకి స్లాబు అక్కర్లేదేటి?” అన్నాడు సాల్మన్‌రాజు.

“కారితే బకెట్టు ఎడతాం అన్నయ్యా.”

బెంచీల మీద కూడా నవ్వారు. అయ్యగారు కళ్లజోడు సరిచేసుకుని, ఆడవాళ్లవీ కలిపి రెండుసార్లు లెక్కపెట్టారు. సాల్మన్‌రాజు ఏ వైపూ చెయ్యెత్తలేదు.

తవ్వమన్నవాళ్లు ఇరవై ఆరు. వద్దన్నవాళ్లు ముప్పై నాలుగు.