ఆదిశేషు పన్నెండో గడి

దరఖాస్తులో ఖాళీ గడి కనిపిస్తే ఆదిశేషుకు అన్నం సయించదు. గడి అన్నది నింపడానికే పుట్టిందని ఆయన నమ్మకం. అందులో అబద్ధం రాస్తే కళ్లు పోతాయని ఇంకో నమ్మకం. ఈ రెండు నమ్మకాల మధ్య నలిగిపోయింది మాత్రం మార్కాపురం తర్లుపాడు రోడ్డులో నెట్ సెంటర్ నడిపే నాగజ్యోతి.

ముప్పై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించిన మనిషి కాబట్టి ఆయన కాగితం ముట్టడు. పలక మీద బలపంతో రాసి, చంకలో పెట్టుకుని వచ్చి నాగజ్యోతి ముందు నిలబెడతాడు. ఒక ఎండాకాలం చెమటకు 'ప్రాజెక్టు లక్ష్యం' మొత్తం ఆయన తెల్లచొక్కాకు అంటుకుని వచ్చింది.

"చొక్కా చూసి టైపు కొట్టమ్మా," అన్నాడు చెయ్యి పైకెత్తి.

"అక్షరాలు తిరగబడి ఉన్నాయి మామా."

"చదువుకున్నదానివి గదా, ఆ మాత్రం రాదా?"

ఈ దరఖాస్తులేవీ తనకోసం కాదు. కళలకనీ, సంస్కృతికనీ, భావప్రకటనా స్వేచ్ఛకనీ ఏ సంస్థ గ్రాంటు ప్రకటించినా, గిద్దలూరు నుంచి దోర్నాల దాకా ఎవరో ఒక కళాకారుడి పేరిట ఈయన పలక పట్టాల్సిందే. దొనకొండ చెక్కభజన బృందానికి రాసినప్పుడు, 'మీ భావప్రకటనకు ఎవరైనా ఆటంకం కలిగించారా?' అని ఒక గడి ఉంది. 'కలిగించారు. పక్కవీధి డీజే' అని రాశాడు. 'ప్రాజెక్టుకు ఎదురయ్యే ప్రమాదాలు' అన్నచోట, 'డోలు కొట్టే ఆయన తాగుతాడు. కార్తీకమాసంలో మాత్రం నమ్మవచ్చు' అని రాశాడు.

"ఇట్ల రాస్తే ఎవరిస్తారు మామా?"

"అడిగినారు, చెప్పినా. దాచిపెట్టేదానికి మనమేమన్నా దొంగలమా?"

అన్నిటికన్నా చివర్న 'కార్యాలయ ఉపయోగం కోసం మాత్రమే' అని గీత కొట్టిన గడి ఉంటుంది చూడండి, దాన్నీ వదలడు. 'మంచి మనుషులు. మంజూరు చేయవచ్చు' అని ఆఫీసువాళ్ల తరఫున తనే రాసిపెడతాడు. వాళ్లకు పని తగ్గుతుందట. నాగజ్యోతి ప్రతిసారీ ఆ వాక్యం చెరిపేసి పంపుతుంది. అయినా ఇరవైమూడు దరఖాస్తులకు ఇరవైమూడు తిరస్కారాలు వచ్చాయి. "ఎంత మర్యాదగా రాసినారో చూడు," అని ఆయన ఒక్కోటి చదివించుకుని ఆనందపడతాడు.

ఇరవైనాలుగోది శ్రీశైలమ్మది. యర్రగొండపాలెం అవతల, అడవి అంచున గొర్రెలు కాసుకునే కుటుంబం. ఆమె సుద్దులు చెబుతూ పాడుతుంటే మొగుడు డోలు కొట్టేవాడు. రెండేళ్ల కింద ఆయన పోయాడు. ఆ రోజు నుంచి ఆమె పాట మానేసింది, మెల్లగా మాటా తగ్గించింది, ఇప్పుడు కూడు కూడా తగ్గిస్తోంది. కోడలు మల్లి ఏదో సర్టిఫికెట్ కోసం నెట్ సెంటర్‌కు వచ్చి ఈ సంగతి చెప్పి కళ్లు తుడుచుకుంది. పక్క కుర్చీలో ఉన్న ఆదిశేషు అంతా విన్నాడు.

"జానపద గాయకులకు ఢిల్లీవాళ్లెవరో ఇస్తన్నారంటివే, ఆ ఫారం తీయమ్మా," అన్నాడు. నాగజ్యోతి చదవకుండానే ప్రింటు తీసి ఇచ్చింది. ఫోన్‌లో వీడియో తీయాలని ఆమెనూ ఆదివారం బస్సెక్కించాడు.

శ్రీశైలమ్మ దొడ్డి ముందు కూర్చుని ఉంది. సంగతి విని తల అడ్డంగా ఊపింది.

"ఆయన పోయినాక నాకు పాటేంది తమ్ముడూ? పో."

"పాడకపోతే మానెయ్యి అక్కా. కానీ పన్నెండో గడిలో పాట రాయాలంట. నేను గడి ఖాళీగా పంపలేను. నా సంగతి నీకు తెలుసు గదా."

ఆయన సంగతి చుట్టుపక్కల మండలాలన్నిటికీ తెలుసు. పలక పట్టుకుని, బలపం ఎత్తి, పంతులు ముందు పిల్లవాడిలా కూర్చున్న ఆ మనిషిని చూసి ఆమెకు జాలేసింది. గొంతు సవరించుకుని నాలుగు చరణాలు సణిగింది. ఆయన రాసుకున్నాడు.

మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లాడు. "గొర్రెపిల్ల పలక నాకేసింది అక్కా. మళ్లీ చెప్పు." ఆ పై వారం వానలో తడిసిందన్నాడు. నాలుగో వారం, ఢిల్లీవాళ్లు డోలుతో సహా కావాలంటున్నారన్నాడు. మరిది రామయ్య అటక మీది డోలు దించి దుమ్ము దులిపాడు.

అయిదో వారం నాగజ్యోతి వెళ్లేసరికి దొడ్డి చుట్టూ జనం. శ్రీశైలమ్మ నిలబడి పాడుతోంది. మధ్యలో ఆపి రామయ్య మీద విరుచుకుపడింది.

"తాళం యాడ పెట్టినావురా? మీ అన్న ఉంటే నీ చేతులు విరిచేసేవాడు!"

"రాత్రి రెండు ముద్దలు సంగటి తినింది అక్కా," అంది మల్లి నాగజ్యోతి చెవిలో.

సోమవారం నాగజ్యోతి టైపు చేయడానికి ఫారం ముందు పెట్టుకుంది. పదకొండు గడులు నింపింది. పన్నెండోది కనిపించలేదు. కాగితం తిప్పి చూసింది. పదకొండోదాని తర్వాత ఉన్నది కార్యాలయ ఉపయోగం గడే.

"మామా, పాట రాయాల్సిన గడి యాడుంది?"

ఆదిశేషు ఫ్యాను వంక చూశాడు. "ఉన్నట్టే గుర్తమ్మా."

"ఆఖరి తేదీ పోయి మూడు వారాలైంది."

"అట్లనా?"

"వానలో తడిసిందన్నావు. మొన్న వాన యాడ పడింది?"

ఆయన బలపం తీసి చెవి వెనక దోపుకున్నాడు.

"గొర్రెపిల్ల నాకడం కూడా అబద్ధమేనా?"

"అది మాత్రం నిజం," అన్నాడు ఉక్రోషంగా. "నా చెమట ఉప్పు దానికి బాగా నచ్చినాది."

నాగజ్యోతికి నవ్వు ఆగలేదు. ఇన్నాళ్లూ ఈయన్ని పిచ్చిమాలోకం అనుకున్నందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది. గడువు దాటినా దరఖాస్తు పంపింది. ఈసారి ఆఫీసువాళ్ల గడిలో ఆయన రాసింది చెరపలేదు.

అంతలో మల్లి నుంచి ఫోన్.

"అక్కా, మా అత్త అడగమంటాంది. వచ్చే ఆదివారం ఏ గడి నింపాలంట?"

నాగజ్యోతి ఆదిశేషు వంక చూసింది. ఆయన అప్పటికే తడిగుడ్డతో పలక తుడుస్తున్నాడు.

"పదమూడోది అని చెప్పు," అంది నాగజ్యోతి. "ఇంకా శానా ఉన్నాయంట."