షోలాపూర్‌లో మా సునంద చెప్పిన ‘డిఫరెంట్’

తొంభైల మొదట్లో నేను షోలాపూర్ వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు, మా అమ్మాయి సునందను ఇంటికి తెచ్చుకోవడానికి. మా చెల్లెలింట్లో ఉండి బి.ఏ. చదివిన పిల్ల, అక్కడే ఇంగ్లీషు టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. ఒక పాఠం చెప్పి చూపించాలట. ఉద్యోగం రాకపోతే నాతో వచ్చేస్తానంది. రాకూడదని నేను మొక్కుకోలేదు గానీ, మొక్కినంత పని చేశాను.

సిరిసిల్ల నుంచి హైదరాబాదు వచ్చి రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి షోలాపూర్. స్టాండు నుంచి నీలం నగర్‌లో చెల్లెలింటికి ఆటో పది రూపాయలు. అశోక్ చౌక్ దాటాక మగ్గాల చప్పుడులో నా మాట నాకే వినపడలేదు.

“కొత్తగ వచ్చినవా కాకా?” అని ఆటో అతను అరిచాడు.

“బిడ్డను తోల్కపోను వచ్చిన!”

“షోలాపూర్ మరిగినోళ్లు వాపస్ పోరు కాకా!” అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మధ్యాహ్నం పాఠం. బీడీలు, మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళ తరగతి. బడి కమిటీ పెద్దమనిషి పక్కన, వెనక బల్ల మీద నేను. సునంద బోర్డు మీద ‘డిఫరెంట్’ అని రాసింది.

“అంటే వేరు. దేనికంటే వేరో చెప్పాలంటే పక్కన ‘ఫ్రమ్’ పెట్టాలె. ఎవరన్న చెప్పుండ్రి.”

“మా అత్త చాయ్ ఈజ్ డిఫరెంట్ ఫ్రమ్ మా అమ్మ చాయ్!” అంది ఒకామె.

“ఎట్ల డిఫరెంట్?”

“అత్త చాయ్‌ల పాలుండయ్, పంచాయితే!”

తరగతంతా గొల్లుమంది. “ఇగ నువ్వొకటి చెప్పు బాయీ,” అని టీచరమ్మనే అడిగారు.

“సిరిసిల్ల ఈజ్ డిఫరెంట్ ఫ్రమ్ షోలాపూర్.”

“ఏం డిఫరెంట్? ఆడ మగ్గాలే, ఈడ మగ్గాలే!”

“ఆడ మా బాపు ఉంటడు,” అని సునంద బోర్డు వైపు తిరిగింది. చాలాసేపు తుడిచిందే తుడిచింది.

పెద్దమనిషి లేచి, “సోమవారం నుంచి రా బిడ్డా,” అన్నాడు. అయ్యో, నా సంతోషం ఏమని చెప్పను! చౌక్‌కు పరుగెత్తి పేడాలు తెచ్చి తరగతంతా పంచాను. ఎదురొచ్చిన వాళ్ళందరికీ “మా బిడ్డ ఇంగ్లీషు టీచరమ్మ!” అని చెప్పాను. ఆ రాత్రే తిరుగు బస్సు; దానికి రెండు టికెట్లు ముందే కొని పెట్టుకున్నాను. కండక్టరు నా పక్క సీటు చూపించి, “దూసరా టికెట్ కిస్‌కా?” అన్నాడు.

“మా టీచరమ్మది. రాదు, నౌకరి దొరికింది!”

దారంతా ఆ ‘డిఫరెంట్’ మాటను నాకొచ్చినట్టు వాడుకుంటూ వచ్చాను. సునంద ఉన్న ఇల్లు డిఫరెంట్ ఫ్రమ్ సునంద లేని ఇల్లు. తప్పో ఒప్పో దిద్దడానికి పక్కన తను లేదు. మీరూ పిల్లల్ని తెచ్చుకోవడానికి బయలుదేరితే ఒక్క మాట వినండి: తిరుగు టికెట్లు ముందే కొనకండి. అక్కడికి వెళ్ళి, వాళ్ళను కళ్ళారా చూశాక కొనండి.