తెర చాటు అంచు

మేస్త్రి గారు పేము కుర్చీ అల్లుతుంటే చూసినవాళ్లు వీధిలో చాలామంది ఉన్నారు. పూర్తి చేస్తుంటే చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

నిలువు రెండు వరసలు, అడ్డం రెండు, ఏటవాలుగా రెండు, ఇవన్నీ ఆయన గుమ్మంలో కూర్చుని అందరి ముందే అల్లేవారు. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తుంటే వేళ్లు ఇంకాస్త వయ్యారంగా తిప్పేవారు కూడా. ఆఖరున చుట్టూ అంచు బద్ద వేసి దాని కొస బిగించాల్సి వచ్చేసరికి మాత్రం కుర్చీ ఎత్తుకుని పనిగది మూలనున్న ఆకుపచ్చ తెర వెనక్కి వెళ్లిపోయేవారు. ఆ కొస ముడి తాతల నాటి రహస్యం. కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. కొడుకూ ఎన్నడూ అడగలేదు. అతను చేతిపనుల గొప్పతనం మీద సభల్లో ఉపన్యాసాలిస్తుంటాడు, పని చెయ్యడానికి తీరిక ఎక్కడిది?

ఇక మిగిలింది మేనకోడలు. పద్నాలుగేళ్లప్పుడు తల్లి పోతే ఈ ఇంటికి వచ్చింది, ఇప్పుడు ముప్ఫై ఆరు. చిరిగిపోయి బాగుచేతకు వచ్చిన కుర్చీల పాత అల్లిక విప్పడం ఆమె పని. అల్లడం విద్య, విప్పడం చాకిరీ అని ఆ ఇంటి లెక్క. అందుకని ఆమెకి విప్పుడమ్మ అని పేరు పెట్టి, పెట్టినవాళ్లే నవ్వుకునేవారు.

కత్తితో పరపరా కోసి పారేస్తే విప్పడం పావుగంట పని. కానీ మేస్త్రి గారి భార్య పొదుపు మనిషి. "అంచు బద్ద కోశావో చూడు! తెగకుండా తీస్తే కట్టెలు కట్టుకోవడానికి పనికొస్తుంది" అని మొదటి రోజే హెచ్చరించింది. అందుకని విప్పుడమ్మ తడిగుడ్డతో అంచుని నానబెట్టి, కొస ఎక్కడుందో వెతికి, అక్కడినుంచి ఒక్కో చుట్టు వెనక్కి తీసుకుంటూ వచ్చేది. తెర వెనక దాచిన తాతల విద్య ఆమె ఒళ్లోకి రోజుకి రెండు కుర్చీల చొప్పున వచ్చిపడేది. రెండో ఏడు తిరిగేసరికి ఆమెకి రహస్యం తెలిసిపోయింది. అదేమిటంటే, అసలు ముడే లేదు.

ఇంకొకటి కూడా తెలిసింది, ఇది చాలా ఏళ్ల తర్వాత. ఈమధ్య అల్లిన కుర్చీలు తిరిగొస్తే కొస దగ్గర జిగురు కనిపించేది. పాతవాటిలో ఉండేది కాదు. ఒకటి చూసి పొరపాటనుకుంది. పది చూశాక నోరు మూసుకుంది. మేస్త్రి గారికి సన్మానంలో కప్పిన శాలువా గోడకి తగిలించి ఉంది, దాని కిందే కూర్చుని విప్పుతోంది మరి, ఏమంటుంది?

అలాంటి ఇంటికి నాటకశాల పని బేరానికి వచ్చింది. నూట అరవై కుర్చీలు. ఈ పని కూడా తప్పిపోతే పనిగదిని సెల్‌ఫోన్ల కొట్టుకి అద్దెకిచ్చేద్దామని కొడుకు అప్పటికే తీర్మానించాడు. పనిగది పోతే ఆమెకి మిగిలేది అత్తయ్య వంటిల్లు. అక్కడ విప్పడానికి ఉల్లిపాయలు తప్ప ఏమీ ఉండవు.

నాటకశాల మేనేజరు పెద్దావిడ, మోకాళ్ల నొప్పుల మనిషి. పనిగదికే వచ్చి, ఆరు వరసలూ అయిన కుర్చీని ముందు పెట్టించుకుని, "అంచు నా ఎదురుగా వెయ్యండి. పోయినసారి మీరు చేసిన నాలుగు కుర్చీలకీ అంచులు ఆర్నెల్లకే లేచిపోయాయి. అందరూ లేచి వెళ్లేటప్పుడు చీరలు పట్టుకుంటున్నాయి" అంది.

మేస్త్రి గారు అలవాటుగా కుర్చీ ఎత్తి తెరవైపు నడిచారు.

"అటెక్కడికండీ?"

"మా వంశ విద్య అమ్మా. పరుల కన్ను పడకూడదు."

"దాని మీద రోజూ పరులే కూర్చుంటారు మేస్త్రి గారూ. ఇక్కడ చెయ్యండి."

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఇది కేవలం కుర్చీ కాదు. ఒక నాగరికత..."

"నాకు నాగరికత వద్దు నాయనా. కుర్చీ చాలు."

మేస్త్రి గారు కూర్చున్నారు. అంచు వేయడం మొదలుపెట్టారు. మూడు పక్కలూ చక్కగానే తిరిగింది, చేతులకి ఇంకా అలవాటు పోలేదు. ఆఖరి రంధ్రం దగ్గర వేళ్లు ఆగిపోయాయి. మంచినీళ్లడిగారు. తాగారు. మళ్లీ అడిగారు.

"ఇందాకేగా తాగారు!" అంది భార్య.

ఆయన బద్ద కొసని అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఎడమచెయ్యి లాల్చీ జేబు మీదికి వెళ్లి, అక్కడున్న చిన్న సీసాని తడిమి, ఊరికే తిరిగొచ్చింది. ఎవరికీ చెప్పకుండా అంత జాగ్రత్తగా దాచుకున్నది ఆయనకే దొరకడం లేదు. విప్పుడమ్మకి ఒక్క క్షణం హాయిగానే అనిపించింది. ఆ మాట దాచడం దేనికి? కానీ బద్ద ఆరిపోతోంది. ఆరితే విరుగుతుంది. విరిగితే పనిగది పోతుంది.

తడిగుడ్డ పట్టుకుని లేచింది.

"మావయ్యా, ఇలా ఇవ్వండి."

ఆయన ఇవ్వలేదు. అలాగని గట్టిగా పట్టుకోనూ లేదు. ఆమె కొసని తడిపి, వెనక్కి మళ్లించి, వేసిన చుట్లలో మూడింటి కిందనుంచి దూర్చి లాగింది. మిగిలింది కోసేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ముడి ఏదీ?" అన్నాడు కొడుకు. ఉపన్యాసాల్లో ఆ ముడి గురించే అరగంట చెప్తాడు పాపం.

"ముడి లేదు బావా. ఆరేకొద్దీ బద్ద బిగిసి అదే పట్టుకుంటుంది."

మేనేజరు గోరుతో లాగి చూసింది. రాలేదు. "పని మీకే ఇస్తున్నాను. కానీ అంచులన్నీ ఈ అమ్మాయే వెయ్యాలి, తెరలు లేకుండా. ఒప్పుకుంటారా?"

మేస్త్రి గారికి ప్రాణం లేచొచ్చింది. "ఒప్పుకోకేం! నేను నేర్పిందేగా!"

"ఎప్పుడు?" అంది భార్య, నిజంగానే తెలియక.

మేనేజరు వెళ్లిపోయింది. కొడుకు ఈ సంగతిని తర్వాతి సభలో ఎలా చెప్పాలో ఆలోచించుకుంటూ బయటికి నడిచాడు. భార్య ఖాళీ గ్లాసు పట్టుకుని లోపలికి పోయింది.

"జిగురు సంగతి నీకెప్పటినుంచి తెలుసే?" అన్నారు మేస్త్రి గారు, నేల చూస్తూ.

"పదేళ్ల నుంచీ."

"చెప్పొచ్చుగా!"

"విప్పేవాళ్లని ఎవరేం అడుగుతారు మావయ్యా?"

ఆయన కుర్చీ అంచుని వేలితో తడిమి చూశారు. తర్వాత పీట దగ్గరికి లాక్కుని, గొంతు బాగా తగ్గించి, "ఏదీ, ఆ కొస ఇంకోసారి చూపించు" అన్నారు. "ముందు వెళ్లి ఆ వీధి తలుపు వేసిరా."

ఆమె లేవలేదు.

"వెలుతురు పోతుంది మావయ్యా" అంది, ఇంకో బద్ద తడుపుతూ.