దాదా జేబులో టైరు మూతలు

ఖతర్‌లో ఇసుక గుట్టలు గాలికి జరుగుతాయని అందరూ అంటారు. అది అబద్ధం. మా దాదా రఫీయుద్దీన్ బండి వస్తోందని తెలిసి దారి ఇవ్వడానికి జరుగుతాయి. కావాలంటే ఎవరినైనా అడగండి. ముందు దాదాను అడిగితే మిగతావాళ్లను అడిగే ఓపిక మీకు ఉండదు.

దాదా అంటే మా నాన్నకు నాన్న, ఊరు బోధన్. మీసాలు మొలిచిన కొత్తలో దోహా వచ్చి ఒక ఖతరీ ఇంట్లో డ్రైవరుగా చేరాడు. ఆ ఇంటి పిల్లలకు పిల్లలు పుట్టేదాకా అక్కడే ఉన్నాడు. చలికాలం వస్తే వాళ్లందరినీ దక్షిణాన ఉన్న ఖోర్ అల్ ఉదైద్‌కు తీసుకెళ్లేవాడు. సముద్రం ఇసుక గుట్టల మధ్యకు చొచ్చుకొచ్చిన చోటు అది. రోడ్డు ఉండదు, గుట్టలెక్కి దిగాల్సిందే. పని మానేసిన రోజున ఆ ఇంటి పెద్దాయన పాత ల్యాండ్‌క్రూజర్‌ను దాదాకే ఇచ్చేశాడు. అప్పటినుంచి దోహాలోని అల్ సద్‌లో మా బిల్డింగు కింద ఆ బండి ఉంటుంది, పైన మా ఫ్లాటులో ఆ బండి కబుర్లు ఉంటాయి.

పోయిన ఏడాది దోహా పక్కనున్న లుసైల్‌లో ఒక పార్కింగులో దాదా స్తంభానికి బండి గీకించాడు. స్తంభం తప్పు చోట నిలబడిందని ఆయన వాదన. కళ్లు తప్పు చోట ఉన్నాయని మా నాన్న బాసిత్ వాదన. నాన్న లుసైల్‌లోనే ఆఫీసులో పనిచేస్తాడు. బండి తాళం ఇచ్చెయ్యమని అప్పటినుంచి అడుగుతూనే ఉన్నాడు. దాదా ఆ తాళం కుర్తా లోపలి జేబులో పెట్టుకునే నిద్రపోతాడు.

అలాంటి సమయంలో దాదా ఫోనులో ఒక వీడియో చూశాడు. కెన్యా ఉత్తరాన తుర్కానా అనే సరస్సు, చుట్టూ ఎడారి, మధ్యలో ఆకుపచ్చటి నీళ్లు, దాని ఒడ్డునే సిబిలోయి నేషనల్ పార్కు.

"మన ఖోర్ లెక్కనే ఉన్నది," అన్నాడు దాదా. "మొసళ్లు ఎక్వ, గంతే. ఒక్కసారి చూడాలె."

మా దాదీ అక్తరున్నీసా బియ్యంలో రాళ్లు ఏరుతూ, "ఇసుక చూసెతందుకు ఇసుకలకెల్లి పోతరా? బాల్కనీల నిలబడుండ్రి, గాలి వస్తే ఇంట్లకే వస్తది," అంది.

నాన్న మాత్రం ఒప్పుకున్నాడు. ఒక షరతు పెట్టాడు.

"అబ్బా, ఆడ బండి జోలికి పోవద్దు. డ్రైవర్ పని డ్రైవర్‌ను చెయ్యనియ్యి. సప్పుడు చెయ్యకుంట ఎన్క సీట్ల కూసుంటే ఈ చలికాలం గూడ తాళం నీ దగ్గర్నే ఉంటది. లేకుంటే నాకియ్యాలె."

"ఎన్క సీట్ల? నేనేమన్న సామానా?"

"సామానైతే మాట్లాడదు దాదా," అన్నాను నేను.

"నూరైన్, ఇంటర్ సగంల ఇడిసిపెట్టినదానివి, నువ్వు మాట్లాడకు," అన్నాడు. అన్నాడు గాని షరతుకు తల ఊపాడు. తాళాన్ని మాత్రం ఆఫ్రికా దాకా వెంట తెచ్చుకున్నాడు. నాన్న మనతోనే వస్తున్నాడు కదా, ఇంకెందుకు భయం అంటే, "మీ దాదీ ఇంట్లనే ఉన్నది కద," అన్నాడు.

నైరోబీలో దిగి, చిన్న విమానంలో సరస్సు దక్షిణ కొసన ఉన్న లొయంగలాని అనే ఊరికి చేరాం. అక్కడ సఫారీ కంపెనీ బండితో ఎకాయ్ అనే కుర్రాడు ఎదురొచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. అతనే డ్రైవరు, అతనే గైడు. దాదా మాట నిలబెట్టుకున్నాడు. నోరు మెదపలేదు. కానీ వెనక సీట్లో కూర్చుని కుడికాలితో లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాడు. నా చెప్పు అరిగిపోయింది, ఎందుకంటే ఆ బ్రేకు నా కాలి మీద ఉంది.

మర్నాడు పొద్దున పార్కు వైపు బయల్దేరాం. కొంతదూరం పోయాక ఎండిపోయిన వాగు అడ్డొచ్చింది. వాగు నిండా మెత్తటి ఇసుక. ఎకాయ్ బండి ఆపి, ఇసుక ఎంత లోతుగా ఉందో చూసొస్తానని నడుచుకుంటూ వెళ్లాడు. నాన్న ఒంటెల ఫోటోలు తీయడానికి పోయాడు. నేను ఉడికించిన గుడ్లు ఒలుస్తున్నాను. దాదా బండి వెనక్కి వెళ్లాడు. వజూకు, అంటే నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కోవడానికి, నీళ్లు తీసుకోవడానికేమో అనుకున్నాను.

ఆయన చేసిన పని మాకు సాయంత్రం దాకా తెలియలేదు. మీకు ఇప్పుడే చెప్పేస్తాను. ఖతర్‌లో ఇసుకలోకి దిగేముందు ప్రతి బండీ ఆగుతుంది. టైర్లలో గాలి సగానికి తగ్గిస్తారు. మెత్తబడిన టైరు వెడల్పవుతుంది, ఇసుకలో కూరుకుపోదు. గాలి గొట్టాల మూతలు ఇసుకలో పడితే దొరకవు కాబట్టి జేబులో వేసుకుంటారు. తిరిగి రోడ్డెక్కేటప్పుడు గాలి కొట్టించుకుని మూతలు పెట్టుకుంటారు. ఈ పని దాదా చేతులకు నమాజుకు ముందు వజూ చేసినంత అలవాటు. షరతు గుర్తుండి కూడా మీరాడని నేను అనుకోను. ఇసుక కనబడింది, చేతులు వాటంతట అవే టైర్ల దగ్గరికి పోయాయి.

వాగును వెన్నలా దాటాం. రెండు రోజుల్లో మొదటిసారి దాదా నవ్వాడు.

వాగు అవతల ఇసుక లేదు. ఎప్పుడో కొండలు కక్కిన నల్లరాళ్లు కత్తుల్లా పరుచుకుని ఉన్నాయి. మెత్తటి టైరు ఇసుకలో దేవుడిచ్చిన వరం. రాళ్ల మీద దాని పక్కలు తెరుచుకుపోతాయి. స్టీరింగు బరువెక్కిందని ఎకాయ్ బండి ఆపబోయేలోపే ఎడమవైపు టైర్లు రెండూ చీలిపోయాయి. మా దగ్గర ఉన్న స్పేర్ టైరు ఒక్కటే.

ఎకాయ్ చక్రాల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక్కో చక్రాన్ని తడిమి చూశాడు. తల ఎత్తి దాదా వైపు చూశాడు. మళ్లీ నేల వైపు చూశాడు.

"గాలి చూసుకోకుండా బండి తీస్తారా?" నాన్న ఇంగ్లీషులో అందుకున్నాడు.

"పొద్దున చూశాను సార్."

"చూస్తే ఇట్లా ఎందుకవుతుంది? అబద్ధం కూడానా? ఒక ముసలాయన్ని, ఆడపిల్లను ఈ రాళ్లలో నిలబెట్టావు. నీ మీద కంపెనీకి రాస్తాను."

ఎకాయ్ ఫోనుకు సిగ్నల్ కోసం గుట్టెక్కాడు. దిగొచ్చి, సాయంత్రానికి ఇంకో బండి వస్తుందన్నాడు. నాన్న మళ్లీ మొదలుపెట్టాడు. గాలి రివ్వున వీస్తోంది, ఎండ రాళ్ల మీద పడి ముఖానికి కొడుతోంది. బండి నీడలో దాదా కూర్చున్నాడు. ఒకసారి, "బస్ చెయ్ బాసిత్," అన్నాడు.

"నువ్వు మాట్లాడనని ఒప్పుకున్నవ్ అబ్బా," అన్నాడు నాన్న. దాదా నోరు మూసుకున్నాడు.

నేను ఎకాయ్‌కు గుడ్డు ఇస్తూ మాటల్లో పెట్టాను. ఇంతకుముందు సరస్సు చేపలు మోసే లారీ మీద ఉండేవాడట. ఈ కంపెనీలో చేరి ఎక్కువ రోజులు కాలేదు. తనకంటే ముందున్న డ్రైవర్ని టైర్లు పాడుచేశాడనే తీసేశారట. నేను పోయి దాదాకు చెప్పాను. ఏదో ఒకటి అంటాడని, అలాంటి డ్రైవర్లను దోహాలో ఎందరిని చూశానో అని మొదలుపెడతాడని అనుకున్నాను. ఆయన కుర్తా జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

"దాదా, తలనొస్తున్నదా?"

"లేదు. నువ్వు పో."

పొద్దు వాలుతుండగా రెండో బండి వచ్చింది. అందులో కంపెనీ మేనేజరు, రెండు టైర్లు. ఏం జరిగిందని అడిగాడు.

"రాళ్లు సార్," అన్నాడు ఎకాయ్.

"రాళ్లు కాదు," అన్నాడు నాన్న. "టైర్లలో గాలే లేదు. ఇతను చూసుకోలేదు."

మేనేజరు చెయ్యి చాచాడు. ఎకాయ్ మెడలో తాడుకు వేలాడుతున్న బండి తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. తాడు తల మీదుగా తీస్తుంటే చెవికి చిక్కుకుంది.

అప్పుడు దాదా లేచాడు. నీడలోంచి బయటికొచ్చి, జేబులో చెయ్యి పెట్టి, దొరికినవన్నీ బానెట్ మీద పోశాడు. నాలుగు మూతలు, వాటితోపాటు దోహా బండి తాళం.

"హవా నేను తీసిన," అన్నాడు తెలుగులోనే. "ఇసుక చూసి తీసిన. ఈ పోరనికి ఏం ఎర్క లేదు. చెప్పు బాసిత్, ఆయనకు ఇంగ్లీషుల చెప్పు."

నాన్న బానెట్ మీది మూతలనే చూస్తున్నాడు. దాదా ఆగలేదు. తనకొచ్చిన అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు అన్నీ కలిపి మేనేజరుకు తానే చెప్పాడు. చేత్తో టైరు చూపిస్తూ, మూత తిప్పుతున్నట్టు వేళ్లు తిప్పుతూ. తర్వాత ఎకాయ్ వైపు తిరిగి, "సామహ్ని," అన్నాడు. క్షమించమని అరబ్బీలో అడగడం అది. వాళ్ల స్వాహిలీలోనూ అలాంటి మాటే ఉందట. ఎకాయ్‌కు అర్థమైంది.

"నాకు తెలుసు," అన్నాడు ఎకాయ్. "మూతలు లేకపోవడం అప్పుడే చూశాను."

"మరి నన్ను అన్ని మాటలు ఎందుకననిచ్చావ్?" అన్నాడు నాన్న.

"మా తాత వయసు మనిషి. ఆయనే చెబుతాడనుకున్నాను."

మేనేజరు విన్నాడు. చూద్దాం అన్నాడు. కానీ ఎకాయ్ ఇచ్చిన తాళం తన జేబులోనే వేసుకున్నాడు.

మర్నాడు ఇంకో డ్రైవరు వచ్చాడు. సరస్సు నిజంగానే ఆకుపచ్చగా ఉంది. ఒడ్డున మొసలి కూడా ఉంది, దుంగలా పడుకుని. దాదా బండి దిగలేదు. ఎకాయ్ ఏడి అని డ్రైవర్ని అడిగాడు. సెలవులో ఉన్నాడన్నాడు. తిరిగొచ్చేరోజు ఆఫీసుకు వెళ్లి అడిగాడు. అదే మాట చెప్పారు.

దోహా వచ్చాక నాన్న ఆ కంపెనీకి మెయిల్ రాశాడు. తప్పు దాదాది, ఆ అబ్బాయిది కాదు అని. అందినట్టు జవాబొచ్చింది, అంతే. మళ్లీ రాశాడు. ఎకాయ్ ఫోను కలవదు. దాదా రోజూ సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక, "బాసిత్, జవాబ్ వచ్చెనా?" అంటాడు. నాన్న తల అడ్డంగా ఊపుతాడు.

తాళం నీ దగ్గరే ఉంచుకో అబ్బా అని నాన్నే అన్నాడు. దాదా వినలేదు. వంటింట్లో దాదీ గరిటెలు తగిలించే మేకుకు తానే తగిలించాడు. కింద బండి మీద దుమ్ము పేరుకుంటోంది. ఇక్కడ అలా వదిలేసిన బండికి బలదియావాళ్లు, అంటే మున్సిపాలిటీవాళ్లు, స్టిక్కరు అంటించి ఎత్తుకుపోతారు. అందుకని శుక్రవారాలు నేనే తుడుస్తున్నాను. దాదా బాల్కనీలోంచి చూస్తాడు గాని, అద్దం సరిగ్గా తుడవలేదని ఒక్క మాట అనడు. అది నాకు నచ్చడం లేదు.

ఆయన్ని కాస్త కదిలిద్దామనే ఇదంతా రాశాను. నిన్న చాయ్ తాగేటప్పుడు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. గుట్టలు జరగడం దగ్గర నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కప్పు కింద పెట్టి, నా వైపు చూశాడు.

"గుట్టలు రాసినవ్, తాళం రాసినవ్, నా కాలు గూడ రాసినవ్. ఆ పిలగాడు పొద్దంత ఎండల తిట్లు తింటుంటే నేను నీడల కూసున్న. అది ఒక్క ముక్కల దాటేసినవ్. పోయి మల్ల రాయి."