మధ్య బంతి

టెన్నిస్ జంటల ఆటలో తగువంతా మధ్య బంతితోనే. ఇద్దరు పక్కపక్కన నిలబడతారు, బంతి సరిగ్గా ఇద్దరి మధ్యకు వస్తుంది. ఆవిడ కొడుతుందని ఈవిడా, ఈవిడ కొడుతుందని ఆవిడా మర్యాదకు పోయారంటే బంతి హాయిగా దాటిపోతుంది. అందుకే ఎవరో ఒకరు ముందుగా "నాది!" అని అరవాలి.

చిట్టికి అలా అరవాల్సిన పని ఎన్నడూ పడలేదు. ఎడమవైపు ఆవిడ అక్క ఉండేది. ఇద్దరూ కుడిచేతివాళ్లే. మధ్యకొచ్చిన బంతి అక్కకు తిన్నగా చేతికందేది, చిట్టి మాత్రం చెయ్యి అడ్డంగా తిప్పి కొట్టాల్సి వచ్చేది. కాబట్టి "నాది!" అనే హక్కు అక్కది. ఆ హక్కును కోర్టులోనే వాడుకుందా? అబ్బే! బస్సులో కిటికీ సీటు నాది, లాడ్జిలో ఫ్యాను కింద మంచం నాది, ఆఖరి బన్ను నాది. చిట్టి మూతి ముడుచుకుని కూర్చునేది. కాసేపటికి అక్క అందులో సగం తుంచి చేతిలో పెట్టేది.

అలా ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగారు. పేపర్లో ఫోటో పడేంత గొప్పవాళ్లేం కారు. తెగిన రాకెట్ తీగలు తామే బిగించుకునేవారు. తడి సాక్సులు ఫ్యాను రెక్కలకు కట్టి తిప్పితే గదంతా చినుకులు పడేవి, లాడ్జి మేనేజరు తిట్టిపోసేవాడు. విడివిడిగా ఆడితే ఇద్దరిదీ అంతంతమాత్రం ఆటే. కలిసి దిగితే మాత్రం ఎంతటివాళ్లకైనా చుక్కలు చూపించేవారు.

తర్వాత అక్క పెళ్లి చేసుకుంది, ఆట మానేసింది, ఒక కూతుర్ని కంది. ఒకరోజు ఆ పిల్లకు జడ వేస్తూ వేస్తూ కుప్పకూలిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. ఏం చెప్పాలి, నలభై నిండని మనిషి! చిట్టి అప్పుడు వేరే ఊళ్లో వేరే జోడీతో ఆడుతోంది. వచ్చేసరికి అంతా అయిపోయింది.

మళ్లీ కోర్టులో దిగిన మొదటి రోజే మధ్యకొక బంతి వచ్చింది. ఎడమవైపు నుంచి "నాది!" అని వినబడింది. చిట్టి అలవాటు కొద్దీ వదిలేసింది. జోడీ పిల్ల నోరు తెరుచుకుని చూసింది.

"నేనేం అనలేదే!"

అనని మాట నిజమే. ఆ గొంతు అక్కది. పరుగుతో రొప్పుతూ, చివర కొంచెం నవ్వుతో. ఆ రోజు నుంచి మధ్యకు బంతి వస్తే చాలు, ఆ కేక వినబడేది, చిట్టి కాళ్లు నిలిచిపోయేవి. జోడీలు ఒక్కొక్కరే తప్పుకున్నారు. చివరికి మోకాలు అరిగిపోయిందని చెప్పి చిట్టి కూడా మానేసింది. మోకాలు పాపం నిక్షేపంలా ఉంది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టరు దగ్గరకు తీసుకెళతారు, మందులిస్తారు, నయమైపోతుంది. నయమైపోతుందనే ఆవిడ భయం.

ఇప్పుడు చిట్టి ఒక క్లబ్బులో పిల్లలకు ఆట నేర్పుతోంది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి, బంతులు విసిరే యంత్రాన్ని కోర్టు మధ్యకు గురిపెట్టి, తాను కుడివైపు నిలబడుతుంది. బంతి వస్తుంది, "నాది!" అని వినబడుతుంది, చిట్టి వదిలేస్తుంది. బుట్ట ఖాళీ అయ్యేదాకా అంతే. చూసినవాళ్లకు పిచ్చి అనిపిస్తుంది. అనిపించనీ, వాళ్లదేం పోయింది? ఆవిడ అక్కను కలుసుకునే చోటు అదొక్కటే.

అక్క కూతురు కూడా అక్కడే ఆడుతుంది. ఎడమచేతివాటం పిల్ల, నిలబడేది తల్లిలాగే ఎడమవైపు. ఈ ఏడు రెండు క్లబ్బుల మధ్య ఒక మ్యాచ్ పెట్టారు. గెలిచిన క్లబ్బు జోడీకి ప్రొఫెషనల్ పోటీలో చోటు. పిల్ల ఆ చోటు కోసం తిండీ నిద్రా మానేసి తయారైంది. తీరా ఆ రోజు పొద్దున తన జోడీ అమ్మాయికి మడమ బెణికింది. బదులుగా క్లబ్బు నుంచి ఎవరైనా దిగొచ్చన్నారు.

"పిన్నీ, నువ్వు రావూ? నీ మోకాలికి దండం పెడతాను" అంది పిల్ల.

చిట్టి రాకెట్ తీసుకుంది.

మూడో పాయింటుకే మధ్య బంతి వచ్చింది. "నాది!" చిట్టి వదిలేసింది.

"పిన్నీ, కొట్టలేదేం?"

"నువ్వు నాది అన్నావు కదే."

"నేనెక్కడన్నాను? మధ్యకొస్తే నాకు అడ్డం చెయ్యి, నాకు చేతకాదని నీకు తెలీదా? నువ్వే కదా రోజూ తిట్టేది!"

ఎదుటివాళ్లు పసిగట్టేశారు. ఇక ప్రతి బంతీ మధ్యకే. మొదటి సెట్ గాలికి పోయింది. బెంచీ మీద పిల్ల టవల్‌తో మొహం కప్పుకుంది.

"నొప్పిగా ఉంటే ఆపేద్దాం పిన్నీ. ఇంకో ఏడాది చూసుకుంటాలే" అంది. టవల్ తీయలేదు, పైకి మాత్రం పెద్ద ఆరిందాలా మాట్లాడుతోంది.

చిట్టికి తల తీసేసినట్టయింది. పోయినావిడ గొంతు కోసం, ఆవిడ కన్న పిల్లను కోర్టులో ఒంటరిగా వదిలేస్తోంది తాను.

"మధ్యకొచ్చినవన్నీ ఇక నావి. నువ్వు నోరెత్తకు, నేనే అరుస్తాను" అంది.

రెండో సెట్లో బంతి వల దాటకముందే అరిచింది. అక్క గొంతు సగంలోనే ఆగిపోయింది. అయినా ప్రతిసారీ అరిచింది, కొట్టింది. ఆ సెట్ గెలిచారు. మూడోది చివరిదాకా సాగి, గెలుపుకు ఒక్క పాయింటు దూరంలో ఆగింది.

అప్పుడొచ్చింది బంతి. నిదానంగా, ఎత్తుగా, సరిగ్గా మధ్యకు. అక్కకు ప్రాణమైన బంతి. చిట్టి నోరు తెరిచేలోపే చెవి పక్కన వినబడింది, "నాది!" అని. ఇన్నేళ్లలో ఎప్పుడూ అంత దగ్గరగా వినబడలేదు, అంత సంతోషంగా కూడా. చిట్టి కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. పక్కన పిల్ల చెప్పిన మాట విని, నోరు మూసుకుని, తననే చూస్తోంది.

"కాదక్కా! నాది!"

కొట్టిన బంతి ఎదుటివాళ్లిద్దరి మధ్యనుంచి దూసుకుపోయింది.

పిల్ల వచ్చి మెడకు వేలాడింది. ఏడుస్తూ, నవ్వుతూ ఎగిరింది. చెమట తుడుచుకునేటప్పుడు మెల్లగా అడిగింది.

"అక్కా అని అరిచావు పిన్నీ. అమ్మనేనా?"

"అవునే."

"ఏమంది?"

"తనది అంది. నేను ఇవ్వలేదే తల్లీ."

పిల్ల చిట్టి చెయ్యి పట్టుకుని, బస్సెక్కేదాకా వదల్లేదు.

మర్నాడు చిట్టి ఎప్పటిలాగే పొద్దున్నే క్లబ్బుకు వెళ్లింది. యంత్రాన్ని మధ్యకు గురిపెట్టింది, కుడివైపు నిలబడింది. మొదటి బంతి వచ్చింది. వదిలేసింది. ఏమీ వినబడలేదు. రెండోదీ వదిలేసింది. చెవులు రిక్కించి నిలబడితే ఎక్కడో చీపురు చప్పుడు, అంతే. బుట్టలో బంతులు అడుగంటుతున్నాయి.

"కోపమొచ్చిందా అక్కా? నీదేలే. తీసుకోవే" అంది.

బంతి పక్కనుంచి వెళ్లి వెనక కంచెకు తగిలింది.