ఇప్పుడు లేస్తది

మంగళవారం ఉదయం పది గంటలకు లాస్‌పేట నుంచి కంప్యూటర్ మెకానిక్ వచ్చాడు. కొన ఊపిరితో ఉన్న మా పాత కంప్యూటర్‌ను కొత్త ల్యాప్‌టాప్‌లోకి వర్చువల్ మెషిన్‌గా, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌గా ఎక్కించాడు. అది బూట్ కాలేదు. నీలం తెర వచ్చినప్పుడల్లా రోగి నుదురు తాకినట్టు ల్యాప్‌టాప్‌పై చెయ్యివేసి, “ఇప్పుడు లేస్తది పెద్దమ్మా” అనేవాడు.

“యాడ లేస్తది రా? చనిపోయిన మా అత్త పాడిన పాటలన్నీ దాంట్లోనే ఉండాయి!” అనేదాన్ని.

గురువారం సాయంత్రం డిస్క్ డ్రైవర్ ప్రోగ్రామ్ మార్చగానే లేచింది. పాటలు లేవు. అవి పాత కంప్యూటర్ రెండో డిస్కులో ఉండేవి. కాపీకి చోటు చాలక దాన్ని అతనే చెరిపేశాడు.

“‘చెరపవద్దు’ అని ఆ డిస్కు మీద రాసి అంటించినానే!”

“నాకు తెలుగు మాట్లాడేదే వస్తది పెద్దమ్మా, చదివేది రాదు. నేను చదివింది తమిళ బడిలో.”

పోయినవి లాలిపాటలు పదకొండు, మంగళహారతులు ఆరు, ఆమె గొంతు.