సోమాలుకి మూడు వారాల రెస్టు

జగ్గారావు బాబాయి కళ్ళముందు ఎవరూ పరిగెత్తకూడదు. పరిగెత్తితే ఇరవై ఒక్క రోజులు పడుకోవాలి. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఒక్కటే అయినా ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళందరికీ సరిపోయేంత పిచ్చి.

మా ఊరి ఇందా స్టాపులో బస్సు కదిలిపోతోందని నాలుగడుగులు పరిగెత్తానో లేదో, వెనక నుంచి కేక వినిపించేది.

"ఒరే గిరీ! ఆగు! ఇంతకుముందు ఎప్పుడు పరిగెట్టినావు?"

"నిన్న, బాబాయ్."

"నిన్న పరిగెట్టి మళ్ళీ ఇయాలేట్రా? అయి మోకాళ్ళా, మొద్దులా?"

ఈలోగా బస్సు వెళ్ళిపోయేది. మేమిద్దరం రోడ్డు పక్కన నిలబడి నా మోకాళ్ళ కేసి చూసుకునేవాళ్ళం.

ఈ ఇరవై ఒక్క రోజుల లెక్క నిజానికి మనుషులది కాదు, పందెపు గుర్రాలది. ఒకసారి పరిగెత్తిన గుర్రానికి తక్కువలో తక్కువ మూడు వారాలు విశ్రాంతి ఇవ్వాలని బాబాయి సిద్ధాంతం. ఆయన రైల్వేలో గూడ్సు బళ్ళ డ్రైవర్లకు డ్యూటీలు వేసే ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. డ్రైవరు బండి దిగి ఎన్ని గంటలైంది, ఇంటి దగ్గర పదహారు గంటల రెస్టు పూర్తయిందా లేదా చూసుకుని మళ్ళీ బండి ఎక్కించడం ఆయన పని. బండి నడిపేవాళ్ళని రైల్వేలో రన్నింగ్ స్టాఫ్ అంటారు. బాబాయి దృష్టిలో గుర్రం కూడా రన్నింగ్ స్టాఫే.

ఆ దృష్టితోనే ఒకసారి ఎక్కడో దూరంగా ఉన్న గుర్రప్పందాల క్లబ్బుకి ఉత్తరం రాశాడు. 'ఫలానా గుర్రాన్ని తొమ్మిదో రోజునే మళ్ళీ పరుగుకి బుక్ చేసినారు. ఇది హోం రెస్టు నిబంధనకి విరుద్ధం. విచారించి, సదరు ఉద్యోగికి ఐదు కిలోల క్యారెట్లు మంజూరు చేయగలరు' అని. జవాబు రాలేదు. నెల తిరిగాక రిమైండరు పంపాడు. దానికీ రాలేదు. "ఆఫీసన్నాక ఫైలు కదలడానికి టైం పడతాది" అని వాళ్ళ తరఫున ఆయనే సర్దిచెప్పుకున్నాడు.

ఇంగ్లీషు పేపర్లో గుర్రప్పందాల పేజీ తప్ప మరొకటి చదవడు కాబట్టి, ఆయన పెద్ద జూదగాడని మా ఝపటాపూర్ పేటలో అందరికీ అనుమానం. బెంగాలీ మంగలి తపన్ దా ఓ రోజు గడ్డం గీస్తూ గుసగుసగా అడిగాడు.

"జగ్గా దా, ఏక్‌టా టిప్ దిన్ నా!"

"టిప్పేటి, తపన్? ఆ ఏడో నంబరు గుర్రం ఉంది సూడు, దాని జోలికి ఎల్లకు. పరిగెట్టి పదకొండు రోజులే అయినాది. రెస్టు దర్కార్."

తపన్ దా బుద్ధిగా ఏడో నంబరు జోలికి వెళ్ళలేదు. ఏడో నంబరు గెలిచింది. మర్నాడు కత్తి పట్టుకుని తపన్ దా, గడ్డానికి సబ్బుతో బాబాయి, ఒకరినొకరు చూసుకున్నారు.

"జితే గేలో, దాదా!"

"గెలిస్తే గెలిసింది. దాని కాళ్ళు ఎంత ఏడెక్కిపోయుంటాయో నువ్వు సూసినావా?" అని బాబాయి సబ్బు నురగలోంచి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఆయన్ని ఎవరూ టిప్పు అడగలేదు.

గంగాభవాని పిన్ని కూడా ఈ సిద్ధాంతం నుంచి తప్పించుకోలేదు. మేనల్లుడి పెళ్ళికి మూడు రోజులు వందమందికి వండి వచ్చిందని, ఇరవై ఒక్క రోజులు పొయ్యి దగ్గరకి రావద్దని ఆర్డరేశాడు. "మరి తిండి?" అంది పిన్ని. "నానొండుతాను" అన్నాడు బాబాయి. నాలుగో రోజు ఆయన పెట్టిన చారు నోట్లో పెట్టుకుని పిన్ని లేచి వంటింట్లోకి పరుగెత్తింది. వెనక నుంచి "పరిగెట్టకే!" అని కేక.

నాకు మాత్రం మొదటి పరిచయం టిఫిన్ కేరియరుతో. నేను అసిస్టెంటు డ్రైవరుగా చేరిన కొత్త. డ్యూటీ దిగి సంతకం పెట్టబోతుంటే, కౌంటర్ అవతల నుంచి బాబాయి చెయ్యి చాపి నా కేరియరు లాక్కుని మూత తీశాడు. సగం అన్నం మిగిలిపోయి ఉంది.

"అలిసిపోనావు" అన్నాడు.

"లేదు సార్, ఆకలి లేక..."

"అలిసిపోయిన గుర్రం దాణా వదిలేస్తాది. తొట్టి నాకేసినప్పుడే దానికి బలం వచ్చినట్టు. నీ తొట్టిలో సగం ఉండిపోనాది. ఎల్లి పడుకో."

ఇంతకీ ఈ గుర్రపు జ్ఞానం ఆయనకెలా అబ్బిందంటే, దాని వెనక ఒక ఆడదాని కథ ఉంది.

ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట, పందెం ముగించుకుని తిరిగి వెళ్తున్న గుర్రాల వ్యాగను ఒకటి ఇరుసు వేడెక్కి ఖరగ్‌పూర్‌లో ఆగిపోయింది. బండి నుంచి విడదీసి యార్డులో ఓ మూల పెట్టారు. అందులో ఒక గోధుమరంగు ఆడగుర్రం. పేరు మండే రెయిన్. ఆ పేరు నోరు తిరగక బాబాయి 'సోమాలు' అన్నాడు. దాని ఆలనాపాలనా చూసే సాయీసు రత్నం మద్రాసు తెలుగువాడు. నీళ్ళు కావాలంటే బాబాయి బకెట్లతో మోశాడు. పరుగు తర్వాత గుర్రం బరువెలా తగ్గిపోతుందో, కాలి మీద చెయ్యి పెట్టి వేడి ఎలా చూడాలో, మూడు వారాలన్నది పైకి చెప్పే మాటే గానీ అసలు లెక్క ఒక్కో గుర్రాన్ని అడిగి తెలుసుకోవాలని, అన్నీ రత్నమే చెప్పాడు. చెబుతుండగానే సోమాలు మెడ వంచి బాబాయి భుజం మీద తల ఆనించి నిలబడే నిద్రపోయింది. బాబాయి గంటన్నర కదల్లేదు. డ్యూటీ ఎక్కే టైము దాటిపోయింది.

ఆలస్యానికి సంజాయిషీ అడిగారు. బాబాయి నిజాయితీగా రాసిచ్చాడు: 'ఆమె నా భుజం మీద నిద్రపోతూ ఉండెను. లేపుటకు మనసొప్పలేదు.'

ఆ కాగితం సాయంత్రానికల్లా రైల్వే కాలనీ అంతా తిరిగి పిన్ని చెవిన పడింది. పిన్ని కొంగు బిగించి యార్డుకి వచ్చింది. "ఏదీ? ఎక్కడున్నాదది?" బాబాయి వేలు పెట్టి చూపించాడు. సోమాలు పిన్నిని కిందనుంచి పైకి ఓసారి చూసి, ఆవిడ పైట కొంగు నమిలింది. ఆ చీర పిన్ని ఇప్పటికీ దాచుకుంది.

మర్నాడు వ్యాగను వెళ్ళిపోయింది. బాబాయి మాత్రం అక్కడే ఉండిపోయాడు. అప్పట్నుంచీ పేపర్లో పందెం పేజీ చూడ్డం మొదలుపెట్టాడు, సోమాలు పేరు కోసం. రెండేళ్ళకి ఆ పేరు కనపడ్డం మానేసింది. పిల్లల్ని కనడానికి ఏదో గుర్రాల ఫారానికి పంపేశారని రత్నం ఉత్తరం రాశాడు. ఆ పేజీలో ప్రతి గుర్రం పేరు పక్కన తల్లి పేరు ఉంటుంది. బాబాయి ఆ దారి పట్టుకున్నాడు. సోమాలు కూతురు పూనాలో పరిగెత్తింది. మనవరాలు బెంగుళూరులో. దాని కూతుళ్ళు హైదరాబాదులో. ఒక్కటి కూడా కలకత్తా రాలేదు. ఇన్నేళ్ళూ ఆయన ఆ ఇంటి ఆడపిల్లల కోసం పేపర్లో వెతుక్కుంటూనే ఉన్నాడు. మేం నవ్వేవాళ్ళం. నవ్వుతున్నంతసేపూ నాకు లోపల ఎక్కడో కలుక్కుమనేది.

ఈ చలికాలం వచ్చింది ఒకటి. లేట్ షవర్ అని. శనివారం మధ్యాహ్నం కలకత్తాలో పరుగు.

"ఒక్కసారి సూడాల్రా, గిరీ" అన్నాడు బాబాయి, పేపరు మడతపెట్టి మళ్ళీ విప్పుతూ. "గెలవక్కర్లేదు. పరిగెట్టొచ్చి నిలబడతాది సూడు, అలగ నిలబడ్డప్పుడు ఒక్కసారి సూడాల."

కంట్లో శుక్లాలు వచ్చాక ఆయన్ని ఒంటరిగా హౌరా పంపనని పిన్ని ఒట్టు పెట్టుకుంది. నేను తీసుకెళ్తానన్నాను. తీరా శనివారం పొద్దున ఏడింటికి గూడ్సు దిగాను. రాత్రి పదకొండుకి మళ్ళీ ఎక్కాలి. మధ్యలో పదహారు గంటలు పడుకోవడానికని రైల్వేవాళ్ళు ఇచ్చినవి, నేను కలకత్తాకి వాడేద్దామనుకున్నాను. ఇంటికెళ్తే మా ఆవిడ మీనాకుమారి బయటికి కదలనివ్వదని తెలిసి, తనకి ఫోనులో ఏదో చెప్పి, కేరియరుతో సహా తిన్నగా బాబాయి ఇంటికి వెళ్ళాను.

బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో బెల్లం ముక్క పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"డ్యూటీ ఎప్పుడు దిగినావు?"

"నిన్న మధ్యాహ్నమే, బాబాయ్. హాయిగా పడుకుని లేచాను."

ఆయన నా చేతిలో కేరియరు తీసుకుని మూత తీశాడు. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. మూత మళ్ళీ పెట్టేశాడు.

"లోకల్ గంట లేటంట. ఈలోగా కాసేపు నడుం వాల్చు."

మా లైన్లో లోకల్ లేటంటే ఎవరు కాదంటారు? మంచం మీద వాలాను.

కళ్ళు తెరిచేసరికి గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. దిగ్గున లేచాను. బయట వీధిలోంచి గొడవ వినపడుతోంది.

"దాదు, హర్న్ నా దిలే లోక్ శోర్బే కేమన్ కోరే?" అంటున్నాడు ఓ టోటోవాడు, అదే బ్యాటరీ రిక్షావాడు. హారన్ కొట్టకపోతే జనం ఎలా తప్పుకుంటారని వాడి బాధ.

"నెమే ఠేలో! డ్రైవర్ ఘుమాచ్ఛే!" దిగి తోసుకుపో, డ్రైవరు నిద్రపోతున్నాడు అని బాబాయి.

బయటికి వచ్చి చూద్దును కదా, వీధి మధ్యలో ఉతికిన చొక్కాతో బాబాయి, రెండు చేతులా పిన్ని ఎర్ర తువ్వాలు అడ్డంగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. టోటోవాళ్ళు ఇద్దరు దిగి, బళ్ళు తోసుకుంటూ నడుస్తున్నారు.

"బాబాయ్! రేసు!"

"అయిపోనాది."

"నన్ను ఎందుకు లేపలేదు?"

"రెస్టులో ఉన్నోణ్ణి లేపకూడదు. రూలు."

"లోకల్ లేటన్నావు!"

"అబద్దమాడినాను" అన్నాడు, మళ్ళీ సంజాయిషీ ఇస్తున్నవాడిలా తల దించుకుని.

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. "ముప్ఫై ఎనిమిదేళ్ళు ఎదురుచూశావు కదా!"

"ఎదురుసూడ్డం నాకు అలవాటేరా. రేత్తిరికి నీ ఎనకాల యాభై తొమ్మిది వ్యాగన్లుంటాయి. నిద్దరాపుకోడం నీకు అలవాటవకూడదు."

ఫోను తీసి వెతికాను. రేసు వీడియో దొరికింది. బాబాయి ఫోను ముక్కుకి ఆనించుకుని చూశాడు. లేట్ షవర్ అయిదోది వచ్చింది. ఆయన దాన్ని పట్టించుకోలేదు. పరుగు అయ్యాక గుర్రం ఒక చోట మొండికేసి నిలబడింది. సాయీసు కళ్ళెం లాగలేదు. తనూ పక్కన నిలబడ్డాడు.

"సూసినావా? లాగలేదు. నిలబడనిచ్చినాడు" అన్నాడు బాబాయి. "మంచోడు దొరికినాడురా దానికి." ఆ ముక్కనే ఏడుసార్లు పెట్టించుకున్నాడు. ముఖంలో ఎంత తృప్తి కనపడిందో, మళ్ళీ అంత బెంగా కనపడింది.

"మూడు వారాలకి మళ్ళీ పరుగుంటుంది, బాబాయ్. నేను సెలవు పెట్టి తీసుకెళ్తాను" అన్నాను.

"అది దాన్నడగాల" అన్నాడు.

పిన్ని గుమ్మంలోంచి అందుకుంది. "ఆ సంగతి తరవాత. ఈయన పొద్దున్నించీ కూకోలేదు గిరీ. పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు. ఊరందరికీ రెస్టంటాడు, ఈయనకి ఎవలిస్తారు?"

బాబాయి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. నాకేటి, నానేటి పరిగెట్టినానా అని గొణిగాడు గానీ, మంచం మీద కూర్చోబెడితే కూర్చున్నాడు, పడుకోబెడితే పడుకున్నాడు. పిన్ని గ్లాసుతో మజ్జిగ తెచ్చేలోపే గురక మొదలైంది.

ఎర్ర తువ్వాలు తీసుకుని నేను వీధిలోకి వెళ్ళాను. ఇందా వైపు నుంచి ఓ టోటో హారన్ కొట్టుకుంటూ వస్తోంది. అడ్డంగా నిలబడ్డాను.

"అబార్ కే ఘుమాచ్ఛే?" అని విసుక్కున్నాడు టోటోవాడు. మళ్ళీ ఎవరు పడుకున్నారట!

"రన్నింగ్ స్టాఫ్" అన్నాను. వాడు దిగి, బాబాయి ఇంటి కిటికీలోంచి ఓసారి లోపలికి తొంగిచూసి, బండి తోసుకుంటూ వెళ్ళాడు.